తాడు పట్టే చేయి

చిగుర్ల హన్మంతు పీహెచ్‌డీకి ఒక్క సంతకం తక్కువైంది. నల్లమలలో చెంచులు పెంట అని పిలుచుకునే గూడెంలో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో నీళ్ళచారు తాగి, నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ అయిందనిపించి, హైదరాబాద్‌లో ఆరేళ్ళు పడి ఉండి, చెంచుల తేనె వేట మీద మూడువందల పేజీలు రాశాడు. వాటి మీద గైడు శ్రీనాథ్ గారు సంతకం పెడితే డాక్టర్ హన్మంతు, పెట్టకపోతే వట్టి హన్మంతు.

శ్రీనాథ్ గారు చాలా మంచివారు. ఆ సంగతి వారే అందరికీ చెప్పేవారు. “నేను నీకు అన్నలాంటోణ్ణి హన్మంతూ” అని రోజుకు రెండుసార్లు తప్పకుండా అనేవారు, ఒకసారి హన్మంతును చాయ్ తెమ్మని పంపే ముందు, ఇంకోసారి తాగినాక. చెంచుల మీద వారు రాసిన పుస్తకం లేని లైబ్రరీ లేదు. దానికోసం పాపం ఎంత కష్టపడ్డారని! అడవి బంగ్లాలో రెండు రోజులు మకాం వేసి, నాటుకోడి కూర తిని, వాచ్‌మన్‌ను నాలుగు ముక్కలు అడిగి రాసుకున్నారు. ఆ పుస్తకం నలభైరెండో పేజీలో ఒక వాక్యం ఉంది. తేనె కోసం చెంచు కొండ అంచు నుంచి తాడు మీద దిగితే, పైన ఆ తాడు పట్టుకునేది అతని అన్న అని.

అది చదివిన రోజు హన్మంతుకు ఒళ్ళు మండింది. చెంచుల్లో అన్న తాడు పట్టడు. బామ్మర్ది పట్టాలి. హన్మంతు తాను నాలుగు ఎండాకాలాలు దిగినవాడే. భార్య అమృతమ్మ తమ్ముడు బక్కయ్య పైన బండకు కాళ్ళు తన్నిపెట్టి పట్టుకుంటే, కింద ఈగల మధ్య వేలాడినవాడు. థీసిస్‌లో ఉన్నదున్నట్టు రాశాడు. శ్రీనాథ్ గారు ‘బామ్మర్ది’ని ఎర్ర పెన్నుతో కొట్టేసి ‘అన్న’ అని దిద్దారు.

“దీనికి ఆధారమేది?” అన్నారు.

“నేనే సార్. దిగినోణ్ణి.”

“నువ్వు ఆధారమెట్లయితవయ్యా? పుస్తకం చూపించు. నాది ఉండనే ఉంది. అన్నలాంటోణ్ణి చెప్తున్న, విను. వచ్చే నెల సమ్మేళనంల నేను దిద్దినట్టే చదువు. స్టేజి దిగంగనే సంతకం పెడ్త.”

అమృతమ్మ కూడా మొగుడి మీదే విసుక్కుంది. “ఒక్క మాట గద! చదివేసి రా. ఇంకెన్నేండ్లు గిట్ల?” ఆమె తప్పేం లేదు. ఆరేళ్ళుగా పిల్లల్ని ఒక్కతే సాకుతోంది. హన్మంతు సరేనన్నాడు.

2005 మార్చిలో నాగర్‌కర్నూల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో ‘ఆదివాసీ పరిశోధకుల మహా సమ్మేళనం’ జరిగింది. స్టేజి మీద తొమ్మిది కుర్చీలు వేశారు. తొమ్మిదింట్లో ఒక్క ఆదివాసీ లేడు. ఆదివాసీలు లేరంటే బాగుండదని ఆఖరు గడియలో ఎవరికో గుర్తొచ్చి, తేనె పట్టే చెంచును ఒకణ్ణి విల్లుతో సహా తెచ్చి తలుపు దగ్గర నిలబెట్టారు. ఆ ఒక్కడూ బక్కయ్యే. విల్లు ఎరువు తెచ్చుకున్నాడు. చొక్కా విప్పితే ఫోటో బాగా వస్తుందని శ్రీనాథ్ గారు సలహా ఇచ్చారు.

“పోయినేడు పెండ్లికి కుట్టించిన అంగీ సారూ. ఎందుకిప్పాలె?” అన్నాడు బక్కయ్య. ఫోటో అట్లాగే తీసుకున్నారు.

దీపం వెలిగించడం, శాలువాలు, ఆదివాసీలను ఎట్లా ఉద్ధరించాలో తొమ్మిది మంది తొమ్మిది ఉపన్యాసాలు. అన్నీ ముగిసేసరికి భోజనాల వాసన హాల్లోకి వచ్చేసింది. పరిశోధకులకు తలా ఇరవై నిమిషాలన్నది కాస్తా ఐదు నిమిషాలైంది.

హన్మంతు మైకు ముందు నిలబడి గడగడ చదివాడు. పొగబెట్టడం, బుట్ట, తాడు అన్నీ అయ్యాయి. “పైన ఆ తాడు పట్టుకునేది...” అని ఆగాడు. కాగితం మీద ఎర్ర సిరా ‘అన్న’ ఉంది. తలుపు దగ్గర బక్కయ్య ఉన్నాడు. తాడు ఒరుసుకుపోయి చారలు కట్టిన ఆ చేతులు అంత దూరం నుంచి కనిపించకపోయినా హన్మంతుకు తెలుసు.

“బామ్మర్ది” అన్నాడు.

శ్రీనాథ్ గారు కుర్చీలోంచి లేచి ఇంకో మైకు అందుకున్నారు. “తప్పు. అన్న. నీ మాటకు ఆధారముందా?”

“ఉంది సార్. మీరే తలుపుకాడ నిలబెట్టిండ్రు.”

హాలంతా వెనక్కి తిరిగింది. బక్కయ్య బిత్తరపోయి, విల్లు పక్కనున్నాయన చేతికిచ్చి ముందుకొచ్చాడు. “నిజమే సారూ. తాడు జారితే అన్నకేమైతది? పంచుకునెటోడు ఒకడు తగ్గుతడు. అదే నా చేతుల జారిందనుకో, మా అక్క బొట్టు పోతది. నేనెట్ల ఇడుస్త?”

వెనక వరుసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. శ్రీనాథ్ గారి మొహం కందగడ్డయింది. “హన్మంతూ, ఏం చేస్తున్నవో తెలుస్తుందా? నీ మేలు కోరెటోణ్ణి, నీకు అన్నలాంటోణ్ణి!”

“గందుకే సారూ,” అన్నాడు బక్కయ్య చాలా నెమ్మదిగా, “మేం అన్న చేతికి తాడియ్యం.”

సంతకం పడలేదు. చప్పట్లు కొట్టినవాళ్ళంతా భోజనాలకు పోయారు, హన్మంతుకు మాత్రం ముద్ద దిగలేదు. గైడును మార్చుకోవడానికి ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. అమృతమ్మ నెలరోజులు మాట్లాడలేదు. చివరికి కొత్త గైడు పద్మజ మేడం చేతుల మీదుగా రెండేళ్ళు ఆలస్యంగా డాక్టరయ్యాడు.

ఆ మరుసటేడు శ్రీనాథ్ గారి పుస్తకం రెండో ముద్రణ వచ్చింది. హన్మంతు ఒక కాపీ పెంటకు తీసుకెళ్ళి నలభైరెండో పేజీ బక్కయ్యకు చదివి వినిపించాడు. తాడు పట్టేది బామ్మర్ది అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో, ‘రచయిత స్వయంగా కొండ మీద చూసినది’ అని ఉంది.

“సారు కొండకెప్పుడొచ్చిండు బావా?”

“రాలే.”

బక్కయ్య కొత్త తాడు పేనుతున్నాడు. చేతులాపలేదు.

“రమ్మను. దింపుదాం. తాడు పట్టనీకె వాళ్ళన్నను తోల్కరమ్మను.”