అన్ని వైపులా గుమ్మాలే

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఈ భూమ్మీద ఉండేది కాదు. డిగ్రీ అయిపోయి, శృంగవరపుకోట దగ్గర ఎవరో వేసిన లేఅవుట్‌లో ప్లాట్లు అమ్మిపెట్టే ఉద్యోగంలో కొత్తగా చేరాను. మెడలో టై, చేతిలో రంగుల కరపత్రాలు, నోట్లో "ఇప్పుడు కొంటే రేపు డబుల్ సార్" అనే మంత్రం. (అప్పటికి ఒక్క ప్లాటూ అమ్మలేదు. చూడడానికి వచ్చినవాళ్లకి మజ్జిగ ప్యాకెట్లు మాత్రం ధారాళంగా పంచాను.) అందుకే రామతీర్థంలో మా తాతగారి ఇల్లు అమ్మాల్సి వచ్చినప్పుడు, ఆ పనికి పుట్టినవాడిని నేనే అనుకున్నాను.

తాతగారు గుడిలో సన్నాయి వాయించేవారు. ఆయన పోయాక ఇల్లు అమ్మకీ పెద్దమ్మకీ వచ్చింది. ఇద్దరూ విజయనగరంలో మా దగ్గరే ఉండేవారు. రామతీర్థంలో తాళం వేసిన ఇంటికి పెంకులు జారి, దూలాలకి చెదపట్టి, వసారా ఒక పక్కకి ఒరిగిపోయింది. ఇంకో వానాకాలం ఆగదని చూసినవాళ్లందరూ అనేవారు. పక్కింటి రైతు, వరసకి మావ, ఎప్పటినుంచో అడుగుతున్నాడు. "ఉన్నదున్నట్టు నాకిచ్చీండి బాబూ. గోడలు తీసీసి గడ్డికుప్ప ఏసుకుంతాను" అనేవాడు. అమ్మకి ఆ బేరం నచ్చింది. పెద్దమ్మ మాత్రం భగ్గుమంది.

"మా నాయిన పది మందికి సన్నాయి నేర్పిన ఇల్లే అది! గడ్డెయ్యడానికి ఇచ్చెత్తావేటే? ఇంట్లో మనుసులుండాల. పొయ్యి ఎలగాల" అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పెద్దమ్మ తిట్టగా చూశాను గానీ ఏడవగా ఎప్పుడూ చూడలేదు. "కాపురం ఉండేవాళ్లకే అమ్ముతాను పెద్దమ్మా, నాదీ పూచీ" అని మాటిచ్చేశాను. వానలు పడేలోపు ఎవరూ దొరక్కపోతే మావకే ఇచ్చెయ్యాలని అమ్మ గట్టిగా చెప్పింది.

వెంటనే ఫోన్‌లో ఫోటోలు తీసి ప్రకటన పెట్టాను. ఒరిగిన వసారా ఒరిగినట్టు కనబడితే ఎవరు కొంటారు? అందుకని ఫోన్‌నే కాస్త వంచి తీశాను. ఫోటోలో వసారా నిటారుగా నిలబడింది, దాని వెనకాల కొండ ఒరిగిపోయింది. (అది ఎవరూ గమనించలేదు. ఇల్లు కొనేవాడు కొండను ఎందుకు చూస్తాడు?) ఫోటో చూసి ఒక రిటైరైన మాస్టారు వచ్చారు, వెంట వాస్తు సిద్ధాంతిని తెచ్చుకున్నారు. "వీరి పేరుకి దక్షిణం గుమ్మం పనికిరాదు. తూర్పున ఉంటే ఆలోచించవచ్చు" అన్నాడు సిద్ధాంతి. ఉంటే అన్నాడు కదా, పెట్టించేద్దాం అనుకున్నాను. మేస్త్రీని పిలిచి తూర్పు గోడ కొట్టించి గుమ్మం పెట్టించాను. అప్పటికి మాస్టారు విశాఖలో ఫ్లాట్ చూసుకున్నారు. తర్వాత వచ్చినాయన పేరుకి ఉత్తరం కావాలన్నారు, ఉత్తరం గోడ కొట్టించాను. ఆయన భార్యకి ఊరు నచ్చలేదు. ఆ తర్వాతి పార్టీకి పడమర. నా జీతమంతా ఆ గోడల్లోకే పోతోంది, ఆ గోడలేమో ఉండకుండా పోతున్నాయి. పాత కన్నాలు మూయించే తీరికా లేదు, ఓపికా లేదు.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ నాతో ఇల్లు చూడడానికి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఒక కుక్క తూర్పు గుమ్మంలోంచి వచ్చి, మమ్మల్ని ఒకసారి చూసి, పడమర గుమ్మంలోంచి వెళ్లిపోయింది.

"ఏటిరా ఇది? ఇల్లా, బస్టాండా?" అంది పెద్దమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "నీ మాట నమ్మి కూకున్నాన్రా నాయినా" అంది. ఆ రెండో మాటకి నేను టై విప్పి జేబులో పెట్టుకున్నాను. కొండ మీద మబ్బు కమ్ముకుంటోంది. పక్క పెరట్లో మావ గడ్డి మోపులు వసారా వైపు జరుపుతున్నాడు.

చినుకులు మొదలయ్యాయి. గుడి దారిలో బండి మీద ఇడ్లీలు అమ్మే ఆవిడ పరుగున బండి తోసుకొచ్చి మా వసారాలో నిలిపింది. తల తుడుచుకుంటూ లోపలికి తొంగిచూసింది. ఒక గుమ్మంలోంచి దూరింది, ఇంకో గుమ్మంలోంచి తేలింది. మూడోసారి తిరిగొచ్చి అడిగింది: "ఎవులిదమ్మా ఈ ఇల్లు? అమ్ముతారేటి? జనం ఇటొచ్చి తినీసి అటెల్లిపోవచ్చు. పొగ కూడా నిలవదు."

సొంతూళ్లో నేల చెక్క అమ్మి, పిల్లలతో ఉండడానికి ఇక్కడ ఇల్లు వెతుకుతోందట. నేను ధర గురించి గొంతు సవరించుకునేలోపు పెద్దమ్మ అడ్డుపడింది.

"పొయ్యి రోజూ ఎలిగిత్తావా?"

"తెల్లారకుండా ఎలిగిత్తానమ్మా. ఎలిగించకపోతే మాకు గడిసేదెలాగ?"

నేను భయపడుతూనే, "సిద్ధాంతిగారిని ఎప్పుడు తీసుకొస్తారు?" అన్నాను.

"ఏటికి బాబూ? అన్ని పక్కలా గుమ్మాలున్నాయి. ఏదో ఒకటి నా పేరుకి పడకపోద్దా!"

మావ కన్నా ఎక్కువే ఇచ్చింది కాబట్టి అమ్మ కాదనలేదు. వానలు ముదరకముందే ఆవిడ కప్పు బాగుచేయించింది. ఇల్లు అమ్మింది నేనేనని చుట్టాలందరి దగ్గరా చాలాకాలం చెప్పుకుని తిరిగాను. (నేను చేసిందల్లా గోడలు పగలగొట్టించడం.)

కొన్నేళ్లకి దర్శనానికి వెళ్లి, పెద్దమ్మా నేనూ ఆ ఇంట్లోనే టిఫినుకి ఆగాం. వసారా నిండా జనం. తాతగారు కూర్చుని పాఠం చెప్పిన గదిలో, గోడవారగా ఉన్న బల్ల మీద చోటు దొరికింది. పెద్దమ్మ ఇడ్లీ తిని, నీళ్లు తాగి, గోడ మీద చెయ్యి ఆన్చి అలాగే కూర్చుండిపోయింది. ఇడ్లీలావిడ కోడలు కాబోలు, మమ్మల్ని ఎరగదు, గిన్నెలు ఎత్తుతూ, "తిన్నోల్లు లెగండమ్మా, జనం నిలబడ్డారు" అంది.

నాకు చర్రుమంది. ఈ ఇల్లు ఎవరిదో తెలుసా అని నోరు తెరవబోయాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని లేచింది. "లెగరా, పాపం, ఆకలి మీదున్నారు" అంది. ఆవిడ ముఖం అంత వెలగడం నేను మళ్లీ చూడలేదు. నేనేమో ఆ వయసుకి తగ్గ కోపంతో దారంతా మూతి ముడుచుకునే వచ్చాను, ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. పెద్దమ్మ మాత్రం ఇంట్లో అడుగుపెడుతూనే, కాళ్లయినా కడుక్కోకుండా, సన్మానం జరిగొచ్చినట్టు అమ్మని కేకేసింది: "ఒసే, మనింట్లో మనకే సోటు లేదే!"