గంజితో అతికించిన కాగితం

ఉస్తాద్ పోయాడన్న మాట నాకు జడ్చర్ల బస్టాండులో తెలిసింది. అప్పటికే పద్దెనిమిది రోజులైంది. రెండేళ్ల కింద నా దగ్గర శిక్షణ తీసుకున్న ఒక వర్క్ ఇన్‌స్పెక్టర్ చాయ్ తాగుతూ కనబడి, మట్టికి మీరు రాలేదేంది సార్ అని అడిగాడు. ఎవరిని మట్టి చేశారు అన్నాను. అతను నా మొహం చూసి గ్లాసు కింద పెట్టాడు.

"ఉస్తాద్ పోయిండు గద సార్. మీకు ఎవరన్న చెప్పి ఉంటరనుకున్నం. ఆయన చెయ్యి కింద తయారైనోళ్లు గద మీరు."

ఎవరూ చెప్పలేదు. నాకు అందరికన్నా ముందే తెలిసి ఉంటుందని ఎవరికి వారే అనుకున్నారు. ఆరేళ్లుగా నేను ఆ ఇంటి గడప తొక్కలేదన్న సంగతి వాళ్లకు తెలియదు. తెలియనివ్వలేదు నేను.

ఇది చదివేవాళ్లలో చాలామంది మా పనిలో ఉన్నవాళ్లే. లేనివాళ్ల కోసం ఒక్క మాట. బీదవాళ్లకు సర్కారు కట్టించే ఇళ్లను పునాది దగ్గర ఒకసారి, గోడల దగ్గర ఒకసారి, కప్పు దగ్గర ఒకసారి చూసి, బాగుందని రాస్తేనే పని ముందుకు పోతుంది. చూసి రాసేవాడు వర్క్ ఇన్‌స్పెక్టర్. ఎనభైల మధ్యలో పాలిటెక్నిక్ డిప్లొమా చేతబట్టుకొని నేను ఆ పనిలో చేరినప్పుడు, ఏడాది పాటు ఉస్తాద్ వెంట తిరిగి నేర్చుకోమని పంపారు. ఆయన ఇరవై ఏళ్లు సుతారి పని చేసి, అంటే రాయీ ఇటుకా పేర్చి గోడలు లేపి, ఆ అనుభవం మీద ఇన్‌స్పెక్టర్ అయినవాడు. ఉర్దూలో నాలుగో తరగతి చదివాడు. ఆయన చెబుతుంటే రిపోర్టు నేను తెలుగులో రాసేవాణ్ణి. అడుగున ఆయన కుడి నుంచి ఎడమకు దస్కత్ చేసేవాడు. చదువుకున్నవాణ్ణి ఈయన దగ్గర ఏం నేర్చుకోవాలి అని లోపల గొణుక్కునేవాణ్ణి.

మొదటి రోజు ఆత్మకూరు దగ్గర ఒక కాలనీకి పోయాం. గోడలు లేచాయి గాని కప్పు లేదు, తలుపులు లేవు. ఉస్తాద్ గడప ఉండాల్సిన చోట చెప్పులు విడిచి లోపలికి పోయాడు. నేను బూట్లతోనే పోయాను. అప్పుడేమీ అనలేదు. బయటికొచ్చాక, గోడ లేచిందంటే అది ఇల్లే బేటా, ఇంట్లకు చెప్పులతోని పోతమా అన్నాడు. నవ్వొచ్చింది నాకు. రెండో ఇంటి దగ్గర బూట్లు విప్పుతుంటే లేసుముడి పడి, ఆయన లోపల పనంతా చూసుకొని వచ్చేదాకా నేను వాకిట్లోనే కూర్చున్నాను. మర్నాటి నుంచి చెప్పులే.

ఇసుకను పిడికెడు తీసి అరచేతిలో రుద్ది, దులిపి చూసేవాడు. చేతికి మట్టి అంటుకుంటే ఆ కుప్ప పనికిరాదు. ఇటుకను నడుమెత్తు నుంచి వదిలేవాడు. మగవాళ్లు ఇల్లు చూపించడానికి ముందుకొస్తే వాళ్లు చెప్పేదంతా ఓపిగ్గా విని, తర్వాత ఆడవాళ్లను వెతుక్కుంటూ పోయేవాడు. వాన పడితే ఎక్కడ కారుతుంది, తలుపు ఏ నెలలో బిగుసుకుంటుంది, రోకలి పోటు వేస్తే ఏ గోడ అదురుతుంది అని అడిగేవాడు. "మొగోడు ఇల్లు చూపిస్తడు, ఆడామె ఇల్లు చెప్తది" అనేవాడు. రిపోర్టు రాసేదాకా ఆ ఇంట్లో చాయ్ ముట్టేవాడు కాదు, నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. నీళ్లు తాగొచ్చు. చాయ్ తాగినంక వంకర గోడ గూడ సక్కగ కనవడ్తది అని ఆయన లెక్క. నాలుగు ఇళ్లు తిరిగి చాయ్ లేక నా తల పగిలిపోతుంటే, చాయ్ తాగకముందే నాకు గోడలన్నీ సక్కగ కనబడేవి.

ఇక కాగితం సంగతి. కృష్ణ ఒడ్డున ఆ వైపంతా నల్లరేగడి. ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది, దాంతోపాటు గోడలు కదులుతాయి. గోడలో పగులు కనబడితే, అది ఎప్పుడో పడి ఆగిపోయిందా, ఇంకా పెరుగుతున్నదా అన్నది తేల్చాలి. ఆగిన పగులైతే పూత పెడితే చాలు. పెరిగే పగులైతే ఆ గోడ కింద మనుషులు పడుకోకూడదు. ఉస్తాద్ ఆ ఇంట్లోనే ఇంత గంజి అడిగి, వేలెడు వెడల్పు కాగితం చీలికను పగులుకు అడ్డంగా అతికించేవాడు. నెల తర్వాత వచ్చి చూస్తే, కాగితం చినిగి ఉంటే గోడ కదులుతున్నట్టు. గంజికీ కాగితానికీ ఎవరి ఇంట్లోనూ కరువు లేదు.

ఒక ఎండాకాలం, ఊరికి దూరంగా ఉన్న ఒక ఇంట్లో నాతో కాగితం అతికింపజేశాడు. నెల నిండింది. రోడ్డు దిగి రెండు మైళ్లు నడవాలి. నేను నడవలేదు. ఆత్మకూరులో హోటల్ నీడన కూర్చుని, కాగితం చినగలేదు, గోడ భద్రం అని రాసి తెచ్చాను. ఉస్తాద్ చదివించుకొని విన్నాడు. మంచిగ చూసినవా అని ఒక్కసారే అడిగాడు. చూసిన అన్నాను. అయితే నడువు, నేను గూడ చూస్త అని చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

కాగితం రెండు ముక్కలై ఉంది. మధ్యలో గోరు పట్టేంత సందు. ఆ ఇంటావిడ పసిపిల్ల ఉయ్యాలను విప్పి అవతలి గోడ వైపు కట్టుకుంది. సార్లు వస్తరని రోజూ చూసినమయ్యా అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఉస్తాద్ నా రిపోర్టును మడిచి జేబులో పెట్టుకున్నాడు. గోడకు కర్రలు ఆనించే ఏర్పాటు చేసి, వాళ్లను పక్కింట్లో పడుకొమ్మని చెప్పి, తిరిగొచ్చే దారిలో ఒక్కసారే మాట్లాడాడు.

"కాగితంల ఏ ఇల్లు కూలదు బేటా. కూలేది ఊర్లె కూలుతది. అతికించినోడే మళ్ల రావాలె. ఇది ఇంకొకని కండ్లతోని అయ్యే పని కాదు."

ఆఫీసులో ఆ రిపోర్టు సంగతి బయటపెడితే నా ఉద్యోగం ఆ రోజే పోయేది. ఆయన పెట్టలేదు. నాతో ఇంకొకటి రాయించి ఇచ్చాడు. ఆ తర్వాత ఎన్నడూ ఎత్తిపొడవలేదు.

తర్వాత నేను హైదరాబాదు పోయి పైకోర్సు చేశాను. జడ్చర్లలో మాకొక శిక్షణ కేంద్రం పెట్టి, నన్ను అక్కడ బోధకుడిగా వేశారు. అప్పుడే కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇన్‌స్పెక్టర్లంతా మూడేళ్లకోసారి పది రోజుల శిక్షణకు రావాలి, చివర రాతపరీక్ష పాసవ్వాలి, తప్పితే ఇళ్లు చూసే పని ఇవ్వరు. ఉత్తర్వులో తప్పేమీ లేదు. కొత్త సామాన్లు వస్తున్నాయి, కొత్త పద్ధతులు వస్తున్నాయి, నేర్చుకోవాల్సిందే. తప్పు నాలో ఉంది.

ఉస్తాద్ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. కొత్త నోటుబుక్కు, రెండు పెన్నులు తెచ్చుకున్నాడు. యాభై దాటిన మనిషి, పరీక్ష తెలుగులో రాయాలని విని, బడిలో పంతులమ్మగా పనిచేసే కూతురు దగ్గర అక్షరాలు దిద్దుకొని వచ్చాడు. మొదటి రోజు నేను క్లాసులోకి రాగానే అందరితోపాటు లేచి నిలబడ్డాడు. మీరు కూర్చోండి ఉస్తాద్ అని ఒక్క మాట అనాలి కదా. అనలేదు. నిలబడనిచ్చాను.

పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చాను: గోడలో పగులు ఇంకా పెరుగుతున్నదని ఎట్లా తెలుసుకుంటారు? పుస్తకంలో జవాబు, పగులు మీద సన్నని అద్దం ముక్క సిమెంటుతో బిగించాలి, గోడ కదిలితే అద్దం పగులుతుంది అని. ఉస్తాద్ కాగితం నా ముందుకొచ్చింది. వంకర టింకర అక్షరాలు, ఒత్తులు కొన్ని ఎగిరిపోయాయి. "గంజి పెట్టి కాగితం అతికియ్యాలె. నెల ఆగాలె. అతికించినోడే మళ్ల వచ్చి చూడాలె."

సున్న వేశాను.

ఆయన నాలుగు మార్కుల్లో తప్పాడు. ఆ ప్రశ్నకు పది మార్కులు. ఎందుకు వేశానంటే, మీ ఉస్తాద్ అని మొహమాటపడకు అని ఆ పొద్దున పైఅధికారి అన్నాడు. నా బోధకుడి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈ రెండూ ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకున్న కారణాలు. మూడోది కూడా ఉంది, అది చెప్పకపోతే ఈ రాత దండుగ. నా దొంగ రిపోర్టు సంగతి తెలిసిన మనిషి డిపార్టుమెంటులో ఆయన ఒక్కడే. క్లాసులో నిలబడి నిజాయితీ గురించి చెబుతున్నప్పుడు వెనక బెంచీ నుంచి ఆ కళ్లు నన్నే చూస్తుంటే నేను బోర్డు వైపు తిరిగేవాణ్ణి. ఆయన ఆ మాట మనసులో కూడా పెట్టుకోలేదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం ఆయన కంటికి దూరమైతే చాలుననిపించింది. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే.

ఫలితాలు చదివాక ఆయన నా గదికి వచ్చాడు. కూర్చోలేదు.

"అద్దం మంచిదే సార్, నేను కాదంటలేను. కాని గా గుడిసెలల్ల అద్దం యాడికెళ్లి తేవాలె?"

రూలు అట్లుంది ఉస్తాద్ అన్నాను, ఆయన వైపు చూడకుండా. మంచిది సార్ అని వెళ్లిపోయాడు. బేటా అని పిలిచిన నోటితో పది రోజులుగా సార్ అంటున్నాడని అప్పటికి గాని నా చెవికెక్కలేదు.

ఆయన్ను సిమెంటు గోడౌనుకు కాపలా వేశారు. అక్కడే పెన్షన్ దాకా ఉన్నాడు. నేనేమో రెండేళ్ల తర్వాత, ఊళ్లల్లో అద్దం దొరకడం లేదని ఇన్‌స్పెక్టర్లు మొత్తుకుంటుంటే, క్లాసులో గంజి కాగితం పద్ధతి చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. శిక్షణ నోట్సులో ఒక పేజీగా చేర్చారు. ఎవరు నేర్పారని ఒకరిద్దరు అడిగారు కూడా. అనుభవం మీద వస్తది అన్నాను. సున్న వేసిన చేత్తోనే ఆ పేజీ రాశాను. మీ దగ్గర ఆ నోట్సు ఉంటే, ఆ పేజీ మీద ఉస్తాద్ అని రాసుకోండి. ఇంతకన్నా పెద్ద పేరు ఆయనకు నేను ఇవ్వలేను.

బస్టాండులో మాట విన్న మర్నాడు ఆయన ఊరికి పోయాను. ఉస్తాద్ భార్య పలకరించి మంచం వాల్చింది. ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చావని అడగలేదు. కూతురు నీళ్లిచ్చింది. గ్లాసు పట్టుకొని తలెత్తితే, వంటింటి గోడకు పగులు కనబడింది. దానికి అడ్డంగా ఉర్దూ పత్రిక చీలిక. మనిషి చచ్చినా ఈ కళ్ల అలవాటు చావదు.

"పోయే ముంగట అబ్బ అతికించిండు అన్నా," అంది ఆమె నా చూపు కనిపెట్టి. "నిన్నటికి నెల నిండింది. చూసేటాయన లేడు. మేము ముట్టుకోలే."

నేను అక్కడే చెప్పేశాను. ఆ పరీక్షలో మీ అబ్బకు సున్న వేసింది నేనమ్మా అన్నాను. ఆమె గోడ వైపే చూస్తూ ఉంది.

"తెలుసు. గంజి అని రాసేటందుకు ఆయనకు మూడు రోజులు పట్టింది. నేనే దిద్దించిన."

తిట్టలేదు. పోనీలే అన్నా అని కూడా అనలేదు. ఆ రెండింట్లో ఏదన్నా నాకు దొరికితే ఇంత రాయాల్సి వచ్చేది కాదేమో.

లేచి దగ్గరికి పోయి చూశాను. కాగితం నడిమికి చినిగి ఉంది. గోడ కదులుతోంది. ఇక్కడ ఎవరూ పడుకోవద్దని, రేపే కర్రలు ఆనిస్తానని చెప్పాను. పగులు ఇంకెంత పోతుందో చూడాలి కనుక ఇంత గంజి కావాలన్నాను. ఉస్తాద్ భార్య గిన్నెలో తెచ్చింది. జేబులో ఉన్న నా క్లాసు నోట్సు లోంచి ఒక చీలిక చింపి, ఆయన కాగితానికి జానెడు కింద అతికించాను. కొంచెం వంకరగా పడింది.

"నెలకు ఎవరిని పంపుతవు?" అంది కూతురు.

"నేనే వస్తనమ్మా."

ఆమె తలూపి గంజి గిన్నె తీసుకుపోయింది. చాయ్ పెట్టనా అని తల్లి అడిగితే, ఇప్పుడొద్దమ్మా, నెలకు మళ్ల వచ్చి గోడ చూసినంక తాగుత అన్నాను. గడప దాటి చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగి చూశాను. పైన ఉస్తాద్ కాగితం ఎండి, చినిగి, రెండు అంచులూ కొద్దిగా పైకి లేచి ఉన్నాయి. కింద నాది ఇంకా తడిగానే ఉంది.