మొదటి షిఫ్టు కడవ

సారపాకలో కాగితం మిల్లు మొదటి సైరన్ మోగకముందే ఎర్రమ్మ లేచేది. వాకిలి ఊడ్చి, గోదారమ్మ ఉన్న దిక్కుకు తిరిగి ఒక దండం పెట్టుకుని, సందు మొదట్లో ఉన్న రాతి దిమ్మె మీద నీళ్ళ కడవ పెట్టేది. పక్కన బోర్లించిన స్టీలు గ్లాసు. డ్యూటీకి పోయే కాంట్రాక్టు కూలీలు ఆగి, తాగి, గ్లాసు మళ్ళీ బోర్లించి పోయేవారు. పదకొండేళ్ళుగా ఇదే వరస. నెలకొక్క పొద్దు మాత్రం దిమ్మె ఖాళీగా ఉండేది.

ఆమెది గోదారి అవతల దుమ్ముగూడెం దగ్గరి పల్లె. భర్త పోయాక కూలి వెతుక్కుంటూ వచ్చి, ప్రమీల ఇంటి వెనక రేకుల గదిలో కిరాయికి చేరింది. మిల్లుకొచ్చే జామాయిలు కర్రకు బెరడు తీసే పని. వానొస్తే గదిలో నాలుగు మూలలా గిన్నెలు పరిచి, అయిదో మూల ఎక్కడుందా అని వెతుక్కుని పడుకునేది.

ఆ ఏడు ఊరి చివర పేదలకు నలభై ఇళ్ళు కట్టారు. లాటరీ తీసి ఇస్తామన్నారు. అందులో సగం అయిదేళ్ళకు పైగా మిల్లు పక్కనున్న ఈ బస్తీలోనే ఉంటున్నవారికి. ఆ ఇరవై ఇళ్ళకు అర్జీలు ముప్పైకి మించలేదు; ఊరందరికీ వదిలిన మిగతా ఇరవైకి ఆరువందలు. ఎర్రమ్మ పేరు ఏ జాబితాలో పడుతుందన్నదే అసలు సంగతి.

ఒకనాడు మధ్యాహ్నం గ్రామసభలో కార్యదర్శి భవాని ఆమె అర్జీ తీసింది. "అమ్మా, కరెంటు బిల్లు ఇంటామె పేరు మీద ఉంది. కిరాయి కాగితం లేదు. రేషన్ చూస్తే ప్రతి నెలా మీ వేలిముద్ర దుమ్ముగూడెం దిక్కే పడింది. ఈడుంటే బియ్యం ఆడెందుకు తీసుకుంటరు?"

ఎదురింటి సతీష్ లేచాడు. అతని తల్లి పేరూ బస్తీ అర్జీల్లోనే ఉంది. "గదే నేనూ అంటున్న మేడం. బియ్యం ఆడ, ఇల్లు ఈడనా? గోదారికి రెండు దిక్కుల రెండు కాళ్ళు పెడితే ఎట్ల?"

జనం నవ్వారు. ఎర్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రమీల మోచేత్తో పొడిచింది. "చెప్పవేంది? మూగనోము పట్టినవా? ఇల్లు పోతదే!"

ఎర్రమ్మ కొంగు దించింది. "మా తోటికోడలు నాగలక్ష్మి ఉంది మేడం, ఆడ. కాలూ చెయ్యీ పడిపోయినయ్. ఆమెకు కార్డు ఇంకా రాలే. నెలకోసారి పోయి, వేలు పెట్టి, ఆ బియ్యం ఆమె ఇంట్ల పోసి, తల దువ్వి, పొద్దున బస్సుకు వస్త. నాకేంది, రెక్కలున్నయ్, ఈడ కొనుక్కుంట. ఆమె కష్టం పదిమందిల చెప్పుడెందుకని ఊకున్న."

భవాని కలం పట్టుకునే ఉంది. "మంచి పనేనమ్మా. కానీ ఈడున్నట్టు సాక్ష్యం కావాలె కద."

అప్పుడే మొదటి షిఫ్టు దిగినవాళ్ళు గుంపుగా వచ్చి వెనక నిలబడ్డారు. వాళ్ళలో పగిడయ్య టిఫిన్ డబ్బా పైకెత్తాడు. "సాక్ష్యమా మేడం? పదకొండేండ్ల సంది పొద్దుగాల నా గొంతు తడిపేది ఆమె నీళ్ళే. ఇంట్ల నా పెండ్లాం అప్పటికి లేవనే లేవదు!"

"నీ గురకకు ఆమె నిద్రపోతే కద, లేచేది!" అన్నారెవరో.

"నవ్వుర్రి నవ్వుర్రి. కడవ లేని పొద్దు నెలకొక్కటే. ఆ నాడు దుమ్ముగూడెం పోయిందని మాకెరుకే."

వెనక పన్నెండు చేతులు లేచాయి. భవాని అందరి సంతకాలూ తీసుకుని, ఎర్రమ్మ పేరు బస్తీ జాబితాలో రాసింది. సతీష్ మెల్లగా కూర్చున్నాడు. ఆ గ్లాసుతో అతనూ తాగినవాడే.

వారం తిరిగాక చీటీలు తీశారు. బస్తీకిచ్చే ఇరవైలో ఎర్రమ్మ చీటీ పద్నాలుగోది. సతీష్ తల్లి పేరు రాలేదు.

తాళం చేతికొచ్చిన సాయంత్రం ఎర్రమ్మ చంకన కడవతో సతీష్ గడప ముందు నిలబడింది. అతను తలవంచుకున్నాడు. "చిన్నమ్మా, ఆ నాడు నేను..."

"పోనీ బిడ్డా. మీ అమ్మకు కూడా రామయ్య సామి ఓ నీడ చూపిస్తడు. నాదొక పని చేసిపెడ్తవా? ఆ ఇల్లు ఊరి చివర. షిఫ్టోళ్ళు అటు రారు. రేపటిసంది ఈ కడవ నువ్వు పెట్టాలె. గ్లాసు బోర్లిచ్చుడు మర్వకు, దుమ్ము పడతది."