కత్తెరాయనకు నా నమస్కారాలు

ముక్కూ మొహం తెలియని మనుషులు మనం అడిగిన ప్రశ్నకు ఊరికే కూర్చుని జవాబు రాస్తారన్న వార్తను మా రేపల్లె ఇంటికి మొదట మోసుకొచ్చింది మా బాపట్ల బాబాయి. ఆ రోజుల్లో మా ఇంటికి ఏ కొత్త సంగతి రావాలన్నా ఆదివారం బస్సులో ఆయనతోపాటే రావాలి. నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, సుద్దముక్క పొడి తగిలినా ఎగశ్వాస వచ్చేది. చేర్చిన వారంలోనే రెండుసార్లు మాస్టారు నన్ను భుజాన వేసుకొచ్చి అప్పగించేసరికి, "ఇక దీనికి నేనే చెప్పుకుంటాను" అన్నారు నాన్నగారు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. తెలుగూ, లెక్కలూ, సంస్కృతమూ, ఆయనకు వచ్చినంత ఇంగ్లీషూ మా వసారాలోనే నేర్చుకున్నాను, పరీక్షలు ప్రైవేటుగా కట్టాను. అంతటి గురువు ఇంట్లోనే దొరకడం నా అదృష్టం. అందుకు ఇప్పటికీ రోజూ దీపం ముందు దణ్ణం పెట్టుకుంటాను. కాకపోతే ఆ తరగతిలో పక్కన కూర్చునేవాళ్ళు ఎవరూ లేరు. పెన్సిలు అరువడిగేవాళ్ళు లేరు, నా లెక్క చూసి రాసుకునేవాళ్ళు లేరు. (వెక్కిరించేవాళ్ళు కూడా లేరు. ఆ ఒక్క లోటూ తర్వాత ఇంటర్నెట్ ఫోరంలో తీరింది.)

నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. రేపల్లె, తెనాలి, బాపట్లల్లో ఆయన మాట మీద నడిచే ఇళ్ళు చాలా ఉండేవి. ఆ ఇళ్ళలో పోయిన పెద్దల తిథులన్నీ ఒక ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకునేవారు. తద్దినం పెట్టేది తారీకు చూసి కాదు కదా, తిథి చూసి. అందుకే ఉగాదికి కొత్త పంచాంగం రాగానే దాన్నీ ఎర్ర పుస్తకాన్నీ పక్కపక్కన పరుచుకుని, ఎవరి తద్దినం ఏ రోజున పడుతుందో తేల్చి, ఇంటింటికీ ముందుగా చెప్పేవారు. నాకు ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి ఆయన షుగరు కళ్ళకు పాకింది. ఒక ఏడాది పంచాంగంలో ఒక వరుస చూడబోయి కింది వరుస చూశారు. బాపట్లలో ఒక మామ్మగారు వాళ్ళాయన తద్దినాన్ని ఒకరోజు ఆలస్యంగా పెట్టారు. సంగతి తెలిసి నాన్నగారు వెళ్ళి చేతులు జోడిస్తే ఆవిడ నవ్వి, "పోనీండి పంతులుగారూ, ఆయన బతికున్నప్పుడూ భోజనానికి వేళకొచ్చింది లేదు" అన్నారట. ఆవిడ నవ్వారు గానీ నాన్నగారు నవ్వలేకపోయారు. ఇంటికొచ్చి ఎర్ర పుస్తకాన్ని సంచిలో పెట్టి సంచి మూతి బిగించి కట్టేశారు.

"వచ్చే ఉగాదికి దీన్ని తెనాలి కుర్ర పురోహితుడికి ఇచ్చేస్తానమ్మా. ఒకళ్ళ పెద్దాయన్ని ఆకలితో కూర్చోబెట్టాను."

"నేను చదివి చెబుతాను కదండీ!"

"నీవి మాత్రం కళ్ళు కావూ? కళ్ళను నమ్మే రోజులు అయిపోయాయి తల్లీ."

ఆ పుస్తకం వెళ్ళిపోతే నాన్నగారికి ఇంకేం మిగలదని నాకు తెలుసు. అందుకే, "అయితే కళ్ళు లేనిదానితో చేయిద్దామండీ" అన్నాను, మూలనున్న కంప్యూటర్ను చూపించి. తెనాలిలో ఎవరో కంప్యూటర్ సెంటర్ మూసేస్తుంటే బాబాయి తెచ్చి పెట్టిన పాత పెట్టె అది. బాపట్లలో ఒక కాలేజీలో ల్యాబ్ చూసుకునే మా బాబాయి ఆదివారాలు దాని మీదే నాకు ప్రోగ్రాంలు రాయడం నేర్పాడు. నాన్నగారు పెట్టెవంకా నావంకా చూసి, "ఉగాది దాకా చూద్దాం" అన్నారు. సంచి ముడి మాత్రం విప్పలేదు.

నిజం ఒప్పుకోవాలి. ఆ పని చేత్తో చేస్తే నాలుగు రోజుల్లో తెమిలేది. నేను కంప్యూటర్తో ఐదు నెలలు చేశాను. పాత పంచాంగం ఒకటి మొత్తం టైపు చేసి, ఎర్ర పుస్తకంలోని పెద్దలందరినీ ఎక్కించి, అమ్మవారికి మొక్కుకుని మీట నొక్కితే జాబితా వచ్చింది. అందులో బాపట్ల మామ్మగారి భర్త లేరు! మా ఊళ్ళో రేషన్ షాపాయన తల్లి మాత్రం వరసగా రెండు రోజులు వచ్చింది. మరి తిథి అంటే చంద్రుడి నడక, మన గడియారంతో దానికి పనిలేదు. నా ప్రోగ్రాం రోజూ సూర్యోదయానికి తలుపు తీసి, వాకిట్లో ఏ తిథి నిలబడి ఉందో రాసుకుని తలుపు వేసేసేది. సూర్యోదయం అయ్యాక వచ్చి, మర్నాటి సూర్యోదయం లోపే వెళ్ళిపోయే తిథి దాని కంటపడదు. రెండు సూర్యోదయాలు చూసే తిథేమో రెండుసార్లు కనబడుతుంది. తప్పు ఎక్కడుందో ఈరోజు ఇంత సులువుగా చెబుతున్నాను గానీ, అప్పుడు మాత్రం తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

బాబాయి గంటసేపు చూసి చేతులెత్తేశాడు. "నాకొచ్చింది అయిపోయిందే అమ్మడూ. ప్రోగ్రాంలు రాసేవాళ్ళ ఫోరంలో అడుగు. అక్కడ ఎవరో ఒకరు చెబుతారు."

"ఎవరు బాబాయ్ వాళ్ళు?"

"ఏమో, ఎవరో."

"మనకెందుకు చెబుతారు?"

"అదీ తెలీదు. చెబుతారంతే. మర్యాదగా రాయి."

(ఈ చివరి సలహా విషయంలో బాబాయిని ఇంకా పూర్తిగా క్షమించలేదు.) మర్యాదగా రాయడం నాన్నగారు నేర్పినట్టే వచ్చు నాకు. 'పూజ్యులైన పెద్దలకు నమస్కరించి వ్రాయునది' అన్న ధోరణిలో ఇంగ్లీషులో మొదలుపెట్టి, మేమిక్కడ క్షేమమనీ, వారంతా క్షేమమని తలుస్తున్నాననీ, మా ఊళ్ళో వానలు బాగా పడ్డాయనీ రాసి, ఆ తర్వాత ప్రశ్న అడిగి, జవాబిచ్చేవారికీ, ఇవ్వాలని ఉన్నా తీరికలేనివారికీ, వారి తల్లిదండ్రులకూ కృతజ్ఞతలు చెప్పి ముగించాను. మధ్యాహ్నం నాన్నగారు నడుం వాల్చాక పంపి, సాయంత్రం దీపం పెట్టుకుని వచ్చి చూస్తే నా ఉత్తరం నాలుగు వరుసలై ఉంది. నమస్కారం లేదు, క్షేమం లేదు, వానలు లేవు. కంప్యూటర్ పాతదై మింగేసిందేమోనని మళ్ళీ అంతా టైపు చేశాను. మర్నాటికి మళ్ళీ నాలుగు వరుసలే. కింద, సరిచేసినవారిదని ఒక పేరు కనబడింది. నిజానికి పేరు కూడా కాదు, నాలుగు అక్షరాలూ రెండు అంకెలూ. బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు సున్నా, ఊరు రాయాల్సిన చోట ఖాళీ. ఆయనకు నేనే 'కత్తెరాయన' అని పేరు పెట్టుకున్నాను. (ఆడో మగో కూడా తెలియదు. అంత పొదుపుగా మాట్లాడే ఆడవాళ్ళను నేను చూడలేదు, అందుకని ఆయన.)

నాకూ పంతం వచ్చింది. ఆయన తీసేసిన కొద్దీ పెట్టాను, పెట్టిన కొద్దీ తీశాడు. ఈలోగా ప్రశ్నకు వచ్చిన మాటలు చూడాలి! 'రోజు మాయం కావడం అసాధ్యం, మీ డేటా పాడైంది' అన్నాడొకాయన. 'రెండుసార్లు వచ్చిన పెద్దావిడను చెరిపేయండి' అన్నాడు ఇంకొకడు. 'ముందు డేటా సరిచేసుకుని అప్పుడు రండి' అని మూడో ఆయన కసిరాడు. నేను వినయంగా, 'అయ్యా, ఈ డేటా చంద్రుడిది. దాన్ని సరిచేసే అధికారం నాకు లేదు' అని రాశాను. మొహాలు లేని నవ్వులు వరసగా పది దాకా వచ్చాయి. ఆ సాయంత్రమే ప్రశ్నకు తాళం పడింది, అడిగిందేమిటో అర్థం కావడం లేదన్నారు. నియమాలు మీరి పదేపదే నమస్కారాలు పెడుతున్నందుకు నన్ను కూడా వారంపాటు రాయకుండా ఆపేశారు. కృతజ్ఞత చెప్పినందుకు శిక్షపడ్డ మనిషి మా వంశంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆ వారం బాగా గుచ్చుకుంది. నాన్నగారు పొద్దున్నే ఎవరింటికో కార్యానికి వెళ్ళిపోయేవారు. నేను వంట ముగించి ఆ తెర ముందు కూర్చుని, రాయడానికి వీల్లేకపోయినా, వాళ్ళూ వాళ్ళూ మాట్లాడుకుంటున్నది చదివేదాన్ని. బడి గేటు బయట నిలబడి లోపలి గోల వింటున్నట్టుండేది. తిట్టినా సరే, నా మాటకు బదులు చెప్పిన తోటివాళ్ళు పుట్టి బుద్ధెరిగాక నాకు వాళ్ళే. అది ఎవరికి చెప్పుకోను? నాన్నగారికి చెబితే పుస్తకం సంచితో సహా తెనాలి బస్సెక్కుతుంది. ఉగాదికి ఇంకా ఎన్ని రోజులుందో క్యాలెండర్లో చూసుకుంటూ ఉండిపోయాను.

వారం గడిచాక తెరిచి చూస్తే నా ప్రశ్నకు తాళం తీసి ఉంది. తీసింది కత్తెరాయనే. కింద ఆయన రాసింది ఒకే ఒక్క వరుస. 'మీ క్రతువు రోజులో ఏ వేళకు జరుగుతుంది?'

పరుగున వెళ్ళి నాన్నగారిని అడిగాను. కాళ్ళు కడుక్కుంటున్న మనిషి చెంబు పట్టుకుని అలాగే ఆగిపోయారు. "అపరాహ్నం. మధ్యాహ్నం దాటాక. తద్దినానికి తిథి చూడాల్సింది ఆ వేళకే, పొద్దున్న కాదు. ఇన్నాళ్ళూ నువ్వు సూర్యోదయానికి చూస్తున్నావా ఏంటమ్మా?"

"మీరు చెప్పలేదు కదండీ!"

"నువ్వు అడగలేదు కదా!" అని, చెంబు కింద పెట్టి, "ఇంతకీ ఇది అడిగిందెవరు? వేదం చదువుకున్నాడా?"

"తెలీదండి. నమస్కారం పెడితే తీసేస్తాడు."

"అయితే బాగా పెద్దవాడై ఉంటాడు" అన్నారు నాన్నగారు.

తలుపు తీసే వేళను సూర్యోదయం నుంచి మధ్యాహ్నానికి మార్చాను. మార్చింది ఒక్క వరుస. బాపట్ల తాతగారు వచ్చేశారు, రేషన్ షాపాయన తల్లి ఒక్కరోజుకు సర్దుకుంది. అటూ ఇటూ తేలని ఒకటి రెండు తిథులు నాన్నగారే కళ్ళు మూసుకుని వేళ్ళమీద లెక్కగట్టి తేల్చారు. ఉగాదికి కొత్త పంచాంగం టైపు చేసి నేను జాబితా చదువుతుంటే ఆయన సంచి ముడి విప్పి, ఎర్ర పుస్తకం ఒళ్ళో పెట్టుకుని విన్నారు. మొదటి ఫోను బాపట్లకే చేశాం.

"ఏమ్మా, మా ఆయన దొరికారా?" అన్నారు మామ్మగారు. బాబాయి ముందే ఊదేసినట్టున్నాడు.

"దొరికారండి మామ్మగారూ. ఆషాఢ బహుళ నవమి. పొద్దున్న వెతికితే కనబడలేదు, మధ్యాహ్నం కనబడ్డారు."

"అంతేనమ్మా, పొద్దున్నే చెప్పకుండా బజారుకెళ్ళిపోయి మధ్యాహ్నానికి తేలేవారు. మీ నాన్నగారికి చెప్పు, ఈసారి వేళకే విస్తరి వేస్తానని."

పక్కనుండి వింటున్న నాన్నగారు ఇన్ని నెలల తర్వాత మొదటిసారి గట్టిగా నవ్వారు. తెనాలి పురోహితుడి మాట మళ్ళీ ఎత్తలేదు. నేను వెళ్ళి కత్తెరాయనకు రెండు పేరాల కృతజ్ఞతలు రాశాను. గంటలో తీసేశాడు. ఈసారి పంతానికి పోలేదు, కానీ దీపం ముందు కూర్చుని ఏడ్చాను. ఇచ్చింది తీసుకోను పొమ్మన్నట్టనిపించింది.

ఫోరాన్ని మాత్రం వదల్లేదు. మెల్లగా కొత్తవాళ్ళకు నేనే జవాబులు చెప్పసాగాను. 'నాయనా' అనో 'తల్లీ' అనో మొదలుపెడితే కత్తెరాయన వచ్చి ఆ ఒక్కమాటా తీసేసి వెళ్ళేవాడు. రోజుకొకసారైనా నా రాత చదివే మనిషి ఒకరున్నారని అలా తెలుస్తూ ఉండేది. ఒక కార్తీకంలో నా 'నాయనా' మూడు రోజులు చెక్కుచెదరకుండా ఉండిపోయింది. నెల గడిచినా అలాగే ఉంది. ఆయన జాడ లేదు. నాన్నగారి దగ్గరికి వెళ్ళి, ఎందుకైనా మంచిది, ఆయన పేరున నువ్వులూ నీళ్ళూ వదలమని అడిగాను.

"పేరేంటి?"

"తెలీదండి."

"గోత్రం?"

"తెలీదు."

"పోయాడా?"

"అదీ తెలీదండి."

"బతికున్నవాడికి తర్పణం ఏంటమ్మా, ఆయుష్షు తరుగుతుంది! దీపం పెట్టేటప్పుడు తలుచుకో, చాలు" అన్నారు.

అప్పటినుంచీ అదే చేస్తున్నాను. నాన్నగారు వెళ్ళిపోయి రెండేళ్ళవుతోంది. ఉగాదికి నేను జాబితా తీస్తే ఇప్పుడు ఆయన పేరు కూడా అందులో వస్తుంది, ఒక్కసారే వస్తుంది, సరైన రోజునే వస్తుంది. తద్దినం బాబాయి పెడతాడు. ఫోరంలోనూ అలికిడి తగ్గింది. ఏ సందేహమైనా జనం ఇప్పుడు యంత్రాన్నే అడిగేస్తున్నారు, అది కసరకుండా చెబుతుందట, నమస్కారమూ పుచ్చుకుంటుందట. ఉన్న పాతవాళ్ళం కొద్దిమందిమి కదా అని పోయిన నెల నాకూ కత్తెర ఇచ్చారు, అంటే ఇతరుల రాతలు సరిచేసే అధికారం. ఎలా వాడాలో తెలియక, కత్తెరాయన ఎలా చేసేవాడో చూద్దామని నా పాత ప్రశ్న తెరిచాను. పక్కనే హిస్టరీ అని ఒక మీట ఉంది. ఇన్నేళ్ళూ దాన్ని నేను నొక్కనే లేదు.

నొక్కితే అన్నీ ఉన్నాయి. మా ఊరి వానలు, క్షేమాలు, నమస్కారాలు, అక్షరం పోలేదు. తీసేసిన ప్రతిసారీ ఎందుకు తీశారో రాయాల్సిన చిన్న గడి ఒకటుంది. అందులో ఆయన వరసగా రాసుకున్నాడు: 'పలకరింపు తీశాను'. 'వాతావరణం తీశాను'. 'మళ్ళీ పలకరింపు తీశాను'. 'తల్లిదండ్రులకు కృతజ్ఞతలు తీశాను, మా అమ్మకు చెప్పాను'. అన్నిటికన్నా చివర, ఉగాదినాటి నా రెండు పేరాల పక్కన: 'కృతజ్ఞతలు తీశాను. అందాయి.'

ఆ 'అందాయి' ఇన్నేళ్ళూ నాకు అందలేదు. దీపం ముందు కూర్చుని ఏడ్చిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్లను పిలిచి చూపిద్దామనిపించింది. మొన్న ఒక అమ్మాయి తన మొదటి ప్రశ్న అడుగుతూ 'గౌరవనీయులైన సార్లకు' అని మొదలుపెట్టి వాళ్ళ ఇంటి సంగతులన్నీ రాసింది. నియమం నియమమే కదా, కత్తిరించాను. పక్క గడిలో 'పలకరింపు తీశాను, అందింది' అని రాశాను. ఆ అమ్మాయి ఏ ఇరవై ఏళ్ళకో చూసుకుంటుంది.

ఇంతవరకు ఓపికగా చదివిన మీకు నా నమస్కారాలు. (ఇక్కడ తీసేసేవారు లేరు కదా!) ఒక్కటే అడుగుతున్నాను. ఈ సాయంత్రం మీ ఇంట్లో దీపం వెలిగించేటప్పుడు కత్తెరాయనను ఒక్కసారి తలుచుకోండి. పేరూ గోత్రమూ లేకపోయినా పరవాలేదు, ఉన్నారో లేరో తెలియకపోయినా పరవాలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలని అనుకోండి, చాలు. పైకి మాత్రం అనకండి, తీసేస్తారు.