ఎడమ పక్క పగులు

నాకు లెక్కల పిచ్చి. ఏడో తరగతితో బడి ఆగిపోయింది గానీ లెక్కలు ఆగలేదు. సారపాక దగ్గర రోడ్డు పక్కన జామాయిల్ కర్ర లారీలు తూచే కాటా ఒకటి ఉంది. ఇరవై రెండేళ్లుగా అక్కడ గుమాస్తాగా పనిచేస్తున్నాను. లారీ ఇంకా గేటు దగ్గరుండగానే టైర్లు ఎంత అణిగాయో చూసి బరువు చెప్పేవాణ్ని. రెండు మూడు వందల కిలోలు మాత్రమే అటూ ఇటూ అయ్యేవి. డ్రైవర్లు నాతో టీ పందెం కాసి ఓడిపోయేవాళ్లు. దేన్నయినా సరిగ్గా కొలిస్తే దాని సంగతి తెలిసిపోతుందని నమ్మేవాణ్ని. ఆ నమ్మకంతోనే నా భార్య బండి మీద పడిన పగులును అయిదు నెలలు కొలిచాను.

ఆమె అడవి అంచున ఒక చిన్న ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. మా ఇంటి నుంచి పదకొండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. ఆ ఊరికి బస్సు లేదు. ఆటోలు సంత రోజున తప్ప పోవు. అందుకని ఆమెకు ఆ ఉద్యోగం ఉన్నదంటే అది స్కూటరు మీదే ఉన్నది. బండి నడపగలిగినన్నాళ్లు టీచరు, నడపలేని రోజున కాదు. ఇరవై ఆరు మంది పిల్లలు. ఇంట్లో కోయ మాట తప్ప వేరే మాట వినని పిల్లలు కొందరు. వాళ్లకు తెలుగు నేర్పబోయి ఈమే వాళ్ల మాట నేర్చుకుంది. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ ఆ మాటలే అనుకునేది. మాకు పిల్లలు లేరు. ఆ మాట ఇక్కడ ఒకసారి చెప్పి వదిలేస్తాను.

దసరా తర్వాత ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి బండి కడుగుతుంటే మొదటి పగులు కనిపించింది. ఎడమ పక్క, కాళ్లు పెట్టుకునే చోటు కింద పొడుగ్గా ఉండే ప్లాస్టిక్ ప్యానెల్ మీద. మా బండి ముదురు ఎరుపు. ఆ ఎరుపు మీద పగులు తెల్లగా, వెంట్రుకలా ఉంది. స్కేలు పెట్టి చూశాను. అరవై రెండు మిల్లీమీటర్లు.

వంతెన దాటి భద్రాచలంలో ప్లాస్టిక్ అతికే మెకానిక్ ఒకాయన ఉన్నాడని విని వెళ్లాను. నాకంటే పదేళ్లు చిన్నవాడు. అతను పని చేస్తుంటే పక్కన స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కటే అడిగాను. ప్లాస్టిక్‌ను కరిగించే ఇనుము ఎంత వేడి ఉండాలి, ఎంతసేపు పెట్టాలి, లోపల దించే రాగి జాలీ ఎంత లోతుకు దిగాలి.

"అన్నా, నువ్వు బండి బాగు చేపిచ్చుకోనీకి వచ్చినవా, నాకు పరీక్ష పెట్టనీకి వచ్చినవా?" అన్నాడు.

"రెండూ అనుకో తమ్మీ."

"అయితే ఇగ నువ్వే చేస్కో. నీ అసుంటోనికి చేసిపెట్టుడు కంటే నేర్పుడే అల్కగ ఉన్నది."

అట్లా నేర్చుకున్నాను. ముందు ప్యానెల్ విప్పాలి. మా బండికి అయిదు స్క్రూలు, మూడు కొక్కేలు. సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. పగులు రెండు కొసల్లో సన్నటి రంధ్రం వేయాలి. అది వేయకపోతే పైన ఎంత అతికినా లోపల పగులు ముందుకు పాకుతూనే ఉంటుంది. తర్వాత అంచులను గరుకు కాగితంతో రుద్ది, కాలిన ఇనుముతో గాడి తీసి, వెనక వైపు సన్నటి రాగి జాలీ ముక్కను కరిగిన ప్లాస్టిక్‌లోకి దించాలి. పైన నింపే ముక్క కూడా అదే రకం ప్లాస్టిక్ అయి ఉండాలి. ప్యానెల్ లోపలి వైపు రకం అక్షరాల్లో అచ్చు వేసి ఉంటుంది. వేరే రకం పెడితే అతుక్కున్నట్టే కనబడి వారంలో ఊడిపోతుంది.

ఇవన్నీ తప్పు లేకుండా చేశాను. పంతొమ్మిది రోజులు గడిచాయి. అతుకు పక్కనే మళ్లీ గీత వచ్చింది.

మళ్లీ అతికాను. పద్నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది. ఒక చేతిపుస్తకం పెట్టి తారీఖు, పొడవు, ఏ స్క్రూకు ఎంత దూరంలో ఉందో రాయడం మొదలుపెట్టాను. పగులు అంచుల్లో ప్రతిసారీ కాస్త నీలం రంగు పొడి ఇరుక్కుని ఉండేది. రంగు పొడి ఉంటే అతుకు పట్టదు. అందుకని గరుకు కాగితం పెట్టి ఒక్క నలుసు మిగలకుండా రుద్దేసేవాణ్ని. అది ఎక్కడిదని ఒక్కసారీ అనుకోలేదు. నా పుస్తకంలో పొడవుకు గడి ఉంది, రంగుకు లేదు.

తప్పు రోడ్డుదని తేల్చుకున్నాను. ఒక సెలవు రోజున నేనే బండి తీసుకుని ఆ ఊరి పొలిమేర దాకా పోయి వచ్చాను. స్పీడ్ బ్రేకర్లు తొమ్మిది, గుంతలు ముప్పై ఒకటి. ఇంటికొచ్చి ఆమెను కూర్చోబెట్టాను.

"తొమ్మిది బ్రేకర్లు. ఒక్కోదాని కాడ స్పీడు పదిహేనుకు దించాలె. దించుతున్నవా?"

"దించుతున్న."

"మరి ఎట్ల పగుల్తది?"

"ఏమో. నీ అతుకే మంచిగ లేదేమో. లారీలు తూచెటోనివి, నీకెందుకయ్యా ప్లాస్టిక్ పని?" అని నవ్వింది.

ఆ రోజుల్లోనే ఇంకొక అలవాటు మొదలైంది. సాయంత్రం వచ్చి బండిని గేటు దిమ్మెకు ఆనించి, హారన్ కొట్టి, "కొంచెం స్టాండు వెయ్యయ్యా, చేతుల సంచులున్నయ్" అనేది. మొదట్లో సంచులు ఉండేవి. తర్వాత సంచులు లేని రోజున కూడా పిలిచేది. నాకు విసుగు వచ్చేది. క్రిస్మస్ దాటిన వారంలో నాలుగోసారి పగిలినప్పుడు నోరు జారాను.

"ఎద్దుబండి తోలినట్టు తోల్తున్నవ్. ఒక వస్తువును చూసుకునుడు తెల్వదు నీకు. నేను ఆదివారమంత కూసొని అతుకుడు, నువ్వు సోమారం పోయి పలగ్గొట్టుడు!"

ఆమె లోపలికి వెళ్లి బియ్యం కడిగింది. ఆ నీళ్ల చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

ఎండలు మొదలయ్యాక ఒకరోజు ప్యానెల్ విప్పి సంచిలో పెట్టుకుని భద్రాచలం పోయాను. ఈసారి శుభ్రం చేయకుండానే తీసుకెళ్లాను. పగిలిందాన్ని పగిలినట్టే చూపించాలని. మెకానిక్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. వేలితో కింది అంచు తడిమాడు.

"ఇది రోడ్డు పగులు కాదన్నా."

"ముప్పై ఒక్క గుంతలున్నయ్ తమ్మీ ఆ రోడ్డుకు."

"ఉండనియ్. గుంతలైతే రెండు దిక్కుల పగుల్తది, స్క్రూల కాడ పగుల్తది. ఇది చూడు, ఒకటే దిక్కు, ఒకటే ఎత్తు. బండిని దేనికో ఆనిస్తున్నరు. నీలం రంగు గోడనో, అరుగో. దినాం ఆనిస్తున్నరు." ప్యానెల్ నా చేతికిచ్చి, మామూలుగా అడిగినట్టు అడిగాడు. "బండి నడిపేది వదిననే అంటివి గద, ఆమె ఎడమ కాలు మంచిగున్నదా?"

వంతెన మీదికి వచ్చేసరికి నాకు అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. బండి ఆపేటప్పుడు కింద పెట్టేది ఎడమ కాలు. సైడ్ స్టాండు తన్నేది ఎడమ కాలితోనే. సంచులు లేని రోజున కూడా పిలవడం. ఇంట్లో ఎడమ చెప్పు జారిపోతోందని రెండుసార్లు మార్పించింది. రెండు జతలూ నేనే కొన్నాను. సైజు సరిగ్గానే ఉందని వాదించింది కూడా నేనే.

ఆ సాయంత్రం నాలుగూ ఇరవైకి వచ్చింది. గేటు దిమ్మెకు ఆనించి హారన్ కొట్టింది. నేను వెళ్లి చేతిలోని సంచి తీసుకున్నాను.

"ఇప్పుడు స్టాండు వెయ్యి" అన్నాను.

నా ముఖం చూసింది. ఎడమ కాలు ఎత్తింది. పాదం ముందుకు వేలాడింది, చెప్పు కింద పడింది. ఉత్త కాలితోనే స్టాండును తన్నబోయింది. మూడుసార్లు. నాలుగోసారి నేనే వంగి చేత్తో దించాను. ఇద్దరం గేటు పక్కన గట్టు మీద కూర్చున్నాం.

"ఎప్పట్నుంచి?"

"దసరా సెలవులప్పట్నుంచి. ముందు తిమ్మిరి అనుకున్న. తర్వాత కాలు మాట వినుడు బంజేసింది. బడి ముంగట అరుగు ఉంది గద, దానికి ఆనిచ్చి, కుడి కాలు అరుగు మీద పెట్టి దిగుత. ఆడ వంట చేసే ఆయమ్మ చేయి పట్టుకుంటది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే తాళంచెవి తీస్కుంటవ్. నీ సంగతి నాకు తెల్వదా? ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని బ్రేకర్లు, ఎంత ప్రమాదమని లెక్కేసి చూపిస్తవ్. నీ లెక్క తప్పుండదు. గందుకే చెప్పలే."

"నేను తిట్టిన నాడన్న చెప్పాలె గదనే."

"తిట్టనియ్ అనుకున్న. తిడితే తాళం పోదు గదా."

ఖమ్మంలో ఒక డాక్టరు, అక్కడి నుంచి హైదరాబాదులో ఇద్దరు చూశారు. నరాల జబ్బు. మెదడు చెప్పే మాట కండలకు అందకుండా పోతుందట. ఒక కాలితో మొదలై రెండో కాలికి, చేతులకు, తర్వాత మింగడానికి, ఊపిరికి. మందు లేదన్నారు. ఎంతకాలమని అడిగాను. డాక్టరు అంకె చెప్పలేదు. ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉంటుందన్నాడు. నా జీవితంలో అంకె లేని జవాబు అంత పెద్దది నేను వినలేదు.

ఆమె భయపడినట్టే తాళంచెవి తీసుకున్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఉదయం ఏడున్నరకు చీర కట్టుకుని, సంచి భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. గేటును పట్టుకునే నిలబడింది.

"ఎక్కడికి?"

"బడికి. నడుచుకుంట పోత. పదకొండున్నరే గద, నువ్వే చెప్పినవ్."

"పదకొండున్నర కాదు, పదకొండూ నాలుగు వందలు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆమె పకపకా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు నుంచి నేనే తీసుకెళ్లాను. కాటాలో రెండో గుమాస్తాను బతిమాలుకుని పొద్దుటి డ్యూటీ మార్పించుకున్నాను. ఆమె వెనక ఒకవైపుకు కూర్చుని నా చొక్కా పిడికిట్లో పట్టుకునేది. మొదటి రోజు ఆ ఊళ్లోకి పోయేసరికి చూశాను. చిన్న గది, ముందు అడుగెత్తు సిమెంటు అరుగు, అరుగంతా నీలం రంగు. అంచున ఒకచోట ఆ నీలం అరిగిపోయి, మా బండి ఎరుపు గీతలు గీతలుగా అంటుకుని ఉంది. నేను అరుగుకు జానెడు దూరంలో ఆపి ఎడమ కాలు కింద పెట్టాను.

"ఇంకా దగ్గరికి తే. ఆనియ్" అంది.

నేను కాలు తియ్యలేదు.

"ఏందయ్యా, ప్యానెల్ పగుల్తదనా?"

నిజంగానే ఆ క్షణంలో నా కళ్లు ప్యానెల్ మీదే ఉన్నాయి. కాలు తీసేశాను. బండి ఒరిగి అరుగు అంచుకు తగిలి టప్పుమంది. ఆమె పాదాలు నేరుగా అరుగు మీదికి దిగాయి. ఆయమ్మ వచ్చి నడుము పట్టుకుంది. పిల్లలు "టీచరమ్మా" అంటూ చుట్టుకున్నారు. ఆమె వాళ్ల మాటలో ఏదో అంది, అందరూ నా వైపు చూసి నవ్వారు.

ఎండాకాలం సెలవులు పోను, వానలు ముదిరేదాకా అట్లా సాగింది. ఆ నెలల్లో ప్యానెల్ మూడుసార్లు పగిలింది. మూడుసార్లూ నేనే పగలగొట్టాను. ఆదివారం అతుకుతుంటే ఆమె కుర్చీలో కూర్చుని చూసేది.

"ఇప్పుడు ఎవల్ని తిడ్తవ్?" అనేది. "ఎంత పొడుగున్నది?" అని కూడా అడిగేది. నేను కొలిచి చెప్పేవాణ్ని.

ఒక వాన రోజు తిరుగు దారిలో నా చొక్కా మీద పట్టు వదులైంది. ఆపేలోపే వెనక నుంచి పక్కకు జారింది. బురద కాబట్టి దెబ్బ తగలలేదు. లేపి కూర్చోబెట్టి, నా తువ్వాలుతో ఆమె నడుమునూ నా నడుమునూ కలిపి కట్టుకుని ఇంటికి తెచ్చాను. ఇంట్లో పాదాలు కడుగుతుంటే అంది.

"రేపట్నుంచి వద్దు. పిల్లల ముంగట పడితే వాళ్లు భయపడ్తరు."

నేను తీసుకున్న తాళంచెవి నా దగ్గరే ఉంది. కానీ ఉద్యోగం ఆమె తనంతట తనే ఆపింది. ఆ తర్వాతి ఆదివారం అలవాటు కొద్దీ ప్యానెల్ విప్పి, రంధ్రాలు వేసి, జాలీ దించి, ఎప్పటిలాగే అతికాను. ఆమె ఆ రోజు ఎంత పొడుగని అడగలేదు.

ఆ చలికాలం దాటలేదు ఆమె.

ఇప్పుడు ఏడాది పైన అయింది. అదే బండి మీద కాటాకు పోతున్నాను. ఈ రోడ్డుకూ బ్రేకర్లున్నాయి. పేపరు మిల్లు లారీలు తిరిగి తిరిగి ఆ ఊరి రోడ్డు కంటే ఎక్కువ గుంతలే పడ్డాయి. అప్పుడప్పుడు స్కేలు తీసి చూస్తుంటాను. చివరి అతుకు మీద గీత రాలేదు. ఒక్క మిల్లీమీటరు కూడా. మొదటిసారి అతికినది కూడా ఇంత గట్టిగానే ఉండి ఉంటుంది.