కుక్కను కట్టిన తీగ

మా అక్క ఇల్లు, మా ఇల్లు ఒకే కొబ్బరి తోటకు రెండు చివర్లలో ఉంటాయి. మధ్యలో బోరు మోటారు షెడ్డు ఉంది. షెడ్డంటే నాలుగు ఇనుప పైపులు, పైన ఒక రేకు. ఆ షెడ్డు పైపు నుంచి ఎదురుగా ఉన్న కొబ్బరి చెట్టు దాకా మా బావగారు మనిషి తల ఎత్తున ఇనుప తీగ లాగి కట్టారు. కుక్క గొలుసును ఒక రింగుతో ఆ తీగకు తగిలిస్తే, కుక్క తీగ పొడుగునా అటూ ఇటూ పరుగెత్తేది, అంతకు మించి కదలలేకపోయేది. చెట్ల మీంచి దింపు తీసిన కాయలు వ్యాపారి బండి వచ్చేదాకా రాశిగా పడి ఉంటాయి. వాటికి కాపలా కావాలి, ఆ కాపలా కాసే కుక్క పక్కింటి కోళ్ల జోలికి పోకూడదు. రెండు పనులూ తీగే చూసుకునేది.

బావగారు పోయాక అక్కకు ఆ తీగా, ఆయన పెంచిన నల్ల కుక్కా మిగిలాయి. దానితో మాట్లాడినన్ని మాటలు ఆమె మాతో మాట్లాడేది కాదు.

పోయినేడు వానల్లో ఒక ఉదయం అక్క కేక విని పరుగెత్తాను. గొలుసు ఇంకా తీగకు ఉండగానే నల్ల కుక్క షెడ్డు పక్కన బురదలో పడి ఉంది. కాళ్లు బిగుసుకుపోయాయి, నోట్లో నురుగు. ఒంటి మీద గాయమేమీ లేదు. డాబా మీద ట్యాంకు నిండి నీళ్లు గోడ వెంట కారుతున్నాయి. అక్క లోపలికి వెళ్లి మోటారు ఆపి వచ్చి, దాని పక్కనే కూర్చుంది.

పక్క తోట మేస్టారు వచ్చారు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఆదివారం చర్చికి తప్ప ఊరు కదలరు. షెడ్డు వెనక, కాయలు వలిచిన కొబ్బరి డొక్కల పోగును కర్రతో కదిపి, పాము కుబుసం ఒకటి పైకెత్తి చూపించారు.

"ఇదిగోండి అక్కగారూ. పురుగే ముట్టిందండి."

మా వైపు పామును పేరు పెట్టి పిలవరు, పురుగంటారు. దూడైనా మేకైనా కుక్కైనా, ఉన్నట్టుండి చచ్చిపోతే పురుగు ముట్టినట్టే. కొబ్బరి తోటల్లో పాములు నిజంగా ఉన్నాయి. ఉన్నాయి గనకే మరో కారణం ఎవరికీ తట్టదు. చాలా ఏళ్లు పత్రికలో పనిచేశాను. తెగిపడిన కరెంటు తీగ తగిలి గేదె చచ్చిపోయిందన్న చిన్న వార్త వానాకాలంలో ఏదో ఒక మండలం నుంచి వస్తూనే ఉండేది. గేదె పోతే రైతుకు జీవనాధారం పోయినట్టు, అందుకని వార్త. కుక్క పోయిందని ఎవరూ రాసి పంపరు. ఎందుకు పోయిందని అడిగేవారూ ఉండరు.

నల్ల కుక్కను ఒక కొబ్బరి చెట్టు పాదులో పూడ్చాం. ఆ కార్తీకంలో నాగుల చవితికి అక్క పుట్టలో పాలు పోస్తూ, "ఇంక నా గడప జోలికి రాకు నాయనా, నీకు దణ్ణం పెడతాను" అని పైకే అంది.

చలికాలంలో మురమళ్ళ గుడికి వెళ్లి వస్తుంటే రోడ్డు పక్కన గోధుమరంగు కుక్కపిల్ల దొరికింది. అక్క దాన్ని కొంగులో చుట్టుకుని ఆటోలో తెచ్చింది. మళ్లీ వానలు పడే నాటికి అది బాగా ఎదిగింది. దింపు రోజున దాన్ని మొదటిసారి తీగకు తగిలించింది. అది మూలిగింది, ఏడ్చింది, గొలుసును కొరికింది.

"దానికి పురుగు వాసన తగుల్తోందిరా. మనకంటే వాటికి బాగా తెలుస్తాది" అంది అక్క.

"వాసనా కాదు, ఏం కాదండి. బద్ధకం. అచ్చు మా పెద్దోడేనండి, పని చెప్తే చాలు మూలుగుతాడు" అన్నారు మేస్టారు.

నేను పొద్దున్నే కాఫీకి అక్క అరుగు మీదికి వెళతాను. అక్కడి నుంచి షెడ్డు, ఇప్పుడు రోజూ తీగకు కట్టి ఉండే కుక్క కనిపిస్తాయి. ఎండ కాసిన రోజున మోటారు హోరుమంటున్నా ఆ కుక్క షెడ్డు పక్కనే, ముంగాళ్ల మీద గడ్డం ఆనించి పడుకునేది. వాన పడిన రోజున మోటారు వేసిన మరుక్షణం కుయ్యిమని అరిచి, గొలుసు తెగేలా గుంజేది. దానికి భయం మోటారు చప్పుడంటేనో, పామంటేనో అయితే ఎండ రోజున కూడా ఉండాలి కదా అనిపించింది.

అలా అనుకుంటూ ఉండగానే ఒక ముసురు పట్టిన ఉదయం అక్క చెయ్యి రుద్దుకుంటూ వచ్చింది.

"నిన్న గొలుసు తీస్తుంటే చెయ్యి జివ్వుమందిరా. ఈ షుగరు నన్ను తినేస్తోంది."

"అప్పుడు మోటారు తిరుగుతోందా?"

"తిరక్కేం? ట్యాంకు నిండొద్దూ?"

అంటూనే స్విచ్చి వైపు నడిచింది. కుక్క అప్పటికే తీగకు ఉంది. ముందు రోజు దింపు కాయలు రాశిగా ఉన్నాయి, సన్నగా వాన పడుతోంది.

"అక్కా, వెయ్యకు. ముందు కుక్కని విప్పు."

"విప్పితే కాయలెవరు కాస్తారు, నువ్వా? నువ్వు ఆవులించేలోపు రాశి లేచిపోద్ది."

"నేనే కాస్తాను. విప్పు."

"ఆ తీగ మీ బావ కట్టింది. ఇన్నేళ్లూ లేని అనుమానం ఇప్పుడేంట్రా నీకు?"

"బావ కట్టిన తీగ మీద కాదక్కా. దానికి ఆ చివర ఉన్న మోటారు మీద."

ఆమె గొణుక్కుంటూ వెళ్లి గొలుసు విప్పి, కుక్కను అరుగెక్కించింది.

నేను ఫోన్ చేస్తే ఎలక్ట్రీషియన్ అమలాపురం నుంచి బండి మీద వచ్చాడు. మమ్మల్ని పొడిగా ఉన్న అరుగు దిగొద్దని చెప్పి, అక్క చేత మోటారు వేయించి, టెస్టరు కొనను తీగకు ఆనించాడు. లోపల ఎర్ర దీపం వెలిగింది. గబగబా చెయ్యి ఊపి ఆపించాడు.

"అమ్మగారండీ, దీన్నెప్పుడూ ముట్టుకోలేదు కదండీ?"

"రోజూ ముట్టుకుంటాను నాయనా."

"కాళ్లకి చెప్పులుంటాయా అండీ?"

"రబ్బరు చెప్పులుంటాయి."

"అవే బతికించాయండి మిమ్మల్ని."

కుక్కకు చెప్పులుండవు. తడి నేల మీద నాలుగు కాళ్లూ ఆనించి, మెడకు ఇనుప గొలుసుతో నిలబడుతుంది.

మోటారు వైరు షెడ్డులోకి దూరే చోట రేకు అంచు ఒరుసుకుని పైతొడుగు తెగింది. అక్కడ తడి చేరినప్పుడల్లా కరెంటు రేకు మీదుగా షెడ్డు పైపుల్లోకి, పైపు నుంచి కుక్క తీగలోకి పాకుతోంది. దాన్ని భూమిలోకి లాగేయాల్సిన ఎర్తు తీగ కోసం వెతికితే మట్టిలో ముక్కలై దొరికింది. ఎరువు వేయడానికి కొబ్బరి పాదులు తవ్వినప్పుడెప్పుడో పార తగిలి తెగిపోయింది.

"అయితే దాన్ని పురుగు ముట్టలేదా?" అంది అక్క.

"దేన్నండీ?" అన్నాడు ఎలక్ట్రీషియన్, ఏమీ తెలియక.

సంగతి విని గొడుగు పట్టుకుని వచ్చి నిలబడిన మేస్టారు తల దించుకున్నారు. "నేను కుబుసాన్ని చూశాను గానండి, పాముని చూడలేదండి అక్కగారూ" అన్నారు మెల్లగా.

అక్క స్విచ్చి బోర్డు వైపు తిరిగింది.

"ఆవేళ మోటారు వేసింది నేనే కదరా" అంది.

గోధుమ కుక్క ఆమె చీర కుచ్చెళ్లను వాసన చూస్తోంది.

కొత్త వైరును ప్లాస్టిక్ గొట్టంలో వేశారు, ఎర్తు కొత్తగా దింపారు, ఇంట్లో, కరెంటు కారితే దానంతటదే ఆగే ట్రిప్పు స్విచ్చి పెట్టారు. ఎలక్ట్రీషియన్ కటింగ్ ప్లేయరుతో కుక్క తీగను కోయబోతే అక్క ఆపింది. "కొయ్యకు. ముడి విప్పు" అంది. చుట్టగా చుట్టి, బావగారు కాయలు వలిచే పలుగు పక్కన మేకుకు తగిలించింది. కుక్క ఇప్పుడు ఏ కట్టూ లేకుండా తోటంతా తిరుగుతుంది. ఒకరోజు మేస్టారు చేతిలో నాలుగు ఈకలతో వచ్చారు. "మా పెట్టకి పురుగు ముట్టిందండి అక్కగారూ. తోక ఊపుకుంటా ఇటేపే వచ్చిందండి ఆ పురుగు." అక్క తన దొడ్లో పెట్టను పట్టి ఆయన చేతిలో పెట్టింది.

ఈసారి నాగుల చవితికి కూడా నేను ఆమె వెంట వెళ్లాను. పాలు పోసింది, పసుపు జల్లింది. కోరిక ఏదీ కోరలేదు. "లేనిపోని నింద వేశాను నీ మీద" అని మాత్రం అంది. తిరిగి వస్తూ నల్ల కుక్కను పూడ్చిన కొబ్బరి పాదు దగ్గర ఆగి, గ్లాసులో అడుగున మిగిలిన పాలు అక్కడ వంచింది.

ఇప్పుడు తీగ లేదు, వైరు కొత్తది. అయినా ఆమె మోటారు వేసే ముందు గుమ్మంలో నిలబడి కుక్కను పిలుస్తుంది. అది ఏ చెట్టు చాటు నుంచో వచ్చి అరుగెక్కేదాకా, ట్యాంకులో చుక్క నీరు లేకపోయినా, స్విచ్చి మీద చెయ్యి వెయ్యదు.