చల్లగా తగిలిన చేయి

చిక్కడపల్లిలో వేడి చాయ్ తాగి, గ్లాసు పట్టుకున్న కుడిచేత్తో ఎడమ మణికట్టు తాకుతాను. చల్లగా తగులుతుంది. వెంటనే ఇందిర టీచర్ గుర్తొస్తారు.

నేను అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షల కోచింగ్‌కు వెళ్లే రోజులవి. అంబర్‌పేట్‌లో మేస్త్రీ పని చేసే నాన్న, నేను మొదటి పరీక్ష తప్పగానే బెదిరిపోయి, నారాయణగూడలో ఒక స్వామి దగ్గరికి తీసుకెళ్లాడు. స్వామి కళ్లు మూసుకుని, ఎదురుగా కూర్చున్న నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎడమ పక్క చల్లగున్నది. ఈ పిల్లకు చదువు అచ్చిరాదు" అని తేల్చేశాడు.

"ఈ నెలతోని కోచింగ్ బంద్ బిడ్డా" అన్నాడు నాన్న, బస్సు దిగుతూ.

కోచింగ్‌లో సైన్సు చెప్పే ఇందిర టీచర్ దగ్గర ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "ఏడిస్తే స్వామి గెలుస్తడు. పా, మళ్ల చూపిద్దాం. మీ నాయనను గూడ రమ్మను."

నాన్నతో కలిసి మేం వెళ్లేసరికి, మొన్నటిలాగే స్వామి కుడిచేతిలో పొగలు కక్కే చాయ్ గ్లాసు ఉంది. టీచర్ దాన్నే చూస్తూ నిలబడ్డారు. ఆయన గ్లాసు దించి, కళ్లు మూసి, చేతులు చాచాడు. టీచర్ చప్పుడు కాకుండా నా చేతులు అటుది ఇటు, ఇటుది అటు మార్చి, ఆయన కుడిచేతిలో నా కుడిచేయి పెట్టారు.

"ఎడమ చేయి ఎట్లున్నది స్వామీ?"

"మొన్నటికన్న చల్లగున్నది."

"జర కళ్లు తెరవుండ్రి."

ఆయన చల్లగా ఉందన్నది నా కుడిచేయి! తన వంతు కోసం వరుసలో కూర్చున్న ఒకామె కిసుక్కున నవ్వింది.

"వేడి చేత్తోని పడితే ఎవరి చేయైనా చల్లగనే తగుల్తది. ఒంట్ల రెండు పక్కలకు కొద్దిగ తేడా అందరికీ ఉంటది. ఎప్పుడూ ఒక్క పక్కనే చల్లబడితే చూపించాల్సింది డాక్టర్‌కు, మీకు కాదు" అన్నారు టీచర్.

"నన్ను పరీక్షిస్తే పాపం తగుల్తది."

"తగలనియ్యుండ్రి. ఏ పక్క తగుల్తదో గది గూడ చెప్పుండ్రి."

నాన్న తన రెండు అరచేతులూ చెంపలకు ఆనించి చూసుకున్నాడు. తర్వాత లేచి, "పా బిడ్డా, క్లాసు టైమైతంది" అన్నాడు.

రెండోసారీ తప్పాను. స్వామి మాట నిజమైందని బస్తీ అంతా అంది. "లెక్కల్ల తప్పినవ్, శాపంల కాదు. మళ్ల కూసో" అన్నారు టీచర్. మళ్లీ పరీక్షకు కూర్చున్నాను.

ఇప్పుడు టీచర్ లేరు. ఆడపిల్లలో ఫలానా లోపం ఉందని ఎవరైనా తేల్చి చెబితే, నేను ఆ పిల్లను పరీక్షగా చూడను. తేల్చిన మనిషినే, ముందు తన చేయి వేడిగా ఉందేమో చూపించమంటాను.